టంబ్లర్ మోటారు అరిగిపోతే: బాగు చేయాలా, మార్చాలా, యంత్రమే కొత్తది కొనాలా?

వాడిన ఇత్తడి తూటా కేసులు శుభ్రం చేసే టంబ్లర్లు రెండు రకాలు: వాల్‌నట్ పొట్టు, మొక్కజొన్న కండె పొడి లాంటివి నింపిన గిన్నెను ఊపే వైబ్రేటరీ, నీళ్లు, స్టీలు పిన్నులు పోసిన డ్రమ్మును తిప్పే రోటరీ. ఏది ఆగిపోయినా అందరూ అనే మాట "మోటారు పోయింది" అనే. ఆ ఒక్క మాట కింద కనీసం అయిదు జబ్బులుంటాయి. బుష్షులు (షాఫ్టును పట్టి ఉంచే లోహపు గొట్టాలు) ఎండిపోవచ్చు, షాఫ్టు (తిరిగే కడ్డీ) అరిగిపోవచ్చు, థర్మల్ ఫ్యూజు (మరీ వేడెక్కితే కరెంటు తెంచేది) తెగిపోవచ్చు, కాయిల్ కాలిపోవచ్చు, కరెంటు తీగ లోపల తెగి ఉండవచ్చు. ఎండిన బుష్షుకు, తెగిన ఫ్యూజుకు, తీగకు కొత్త మోటారు అక్కర్లేదు. అరిగిన షాఫ్టుకు, కాలిన కాయిల్‌కు రిపేరు మీద పెట్టే డబ్బు చాలావరకు వృథా. కాబట్టి ఏది కొనాలో ఆలోచించే ముందు ఏది చెడిందో తేల్చుకోవాలి.

మా సలహా ముందే చెప్పేస్తాం. కాయిల్ బాగుండి షాఫ్టు నున్నగా ఉంటే రిపేరు చేయండి. ఈ రెండింటిలో ఏది పోయినా మోటారు మార్చండి. గిన్నె కింది ప్లేటు పగిలినా, మోటారు విప్పడానికి వీల్లేకుండా రివెట్లతో మూసేసినా యంత్రం మార్చండి.

విప్పే ముందు

ప్లగ్ తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఆ తర్వాత దుమ్ము సంగతి. తూటా అడుగున ఉండి మందును అంటించే మామూలు ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది. పేలిన తర్వాత ఆ మసి కేసుల్లోంచి వాల్‌నట్ పొట్టులోకి, మొక్కజొన్న కండె పొడిలోకి, అక్కడి నుంచి మోటారు గాలి రంధ్రాల్లోకి చేరుతుంది. ఆ దుమ్మును నోటితో గానీ కంప్రెసర్‌తో గానీ ఊదకండి, చీపురుతో ఊడ్చకండి. చేతి తొడుగులు, మంచి డస్ట్ మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడవండి. పని వంట చేసేచోట, పిల్లలు తిరిగేచోట పెట్టుకోవద్దు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి.

తర్వాత, తప్పు మోటారుది కాకపోవచ్చునన్న అనుమానంతో చూడండి. వైబ్రేటరీ టంబ్లర్‌లో షాఫ్టుకు ఒక పక్కగా బరువు బిగించి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) వదులైతే మోటారు చక్కగా తిరుగుతుంది, గిన్నె మాత్రం కదలదు. స్ప్రింగు ఒకటి విరిగితే గిన్నె ఒక పక్కకు ఒరిగి పొట్టు సుడి తిరగడం మానేస్తుంది. గిన్నెను మూడొంతుల పైన నింపితే కొత్త మోటారు కూడా ఈడుస్తుంది. రోటరీ రకంలో బెల్టు జారుతోందా, రోలర్ల చివరి నైలాన్ బుష్షులు బిగుసుకున్నాయా అన్నది చూడాలి. డ్రమ్ము తీసేసి రోలరును వేలితో తిప్పండి, తేలిగ్గా తిరగాలి. డ్రమ్ములో బరువు కూడా లెక్క చూసుకోండి. 15 పౌండ్ల డ్రమ్మంటే నీళ్లు, స్టీలు పిన్నులు, ఇత్తడి అన్నీ కలిపి 6.8 కిలోలు. 5 పౌండ్ల పిన్నులు, 8 పౌండ్ల నీళ్లు పోశాక ఇత్తడికి మిగిలేది 2 పౌండ్లే, అంటే సుమారు 900 గ్రాములు. చాలామంది దానికి రెట్టింపు వేసి మోటారును తిట్టుకుంటారు.

ఏది చెడిందో తేల్చే పరీక్షలు

ఈ యంత్రాల్లో ఎక్కువగా కనబడేది షేడెడ్ పోల్ మోటారు. కెపాసిటర్ ఉండదు, బ్రష్షులు ఉండవు, ఒకటో రెండో కాయిల్స్, మధ్యలో తిరిగే రోటరు. చవక, మొండి. కానీ మొదలయ్యేటప్పుడు దాని బలం చాలా తక్కువ. బుష్షు కాస్త పట్టుకున్నా గుయ్యిమంటూ నిలబడిపోతుంది. షాఫ్టు కాస్త కదిలితే అందుకుంటుంది. ఈ లక్షణం కనబడితే పదింట ఎనిమిదిసార్లు జబ్బు బుష్షుల్లోనే ఉంటుందని మా అంచనా. కరెంటు ఉండగా షాఫ్టును చేత్తో ముట్టుకోకండి, బరువు దగ్గర వేళ్లు పెట్టవద్దు.

మల్టీమీటరుతో మొదట తీగను చూడండి. ప్లగ్ పిన్ను నుంచి మోటారు చివర వరకు కొలుస్తూ, తీగ యంత్రంలోకి దూరే చోట వంచి చూడండి. రీడింగు వస్తూ పోతూ ఉంటే లోపల రాగి పోగులు తెగాయన్నమాట. వైబ్రేషన్ యంత్రాల్లో ఇది తరచూ జరుగుతుంది, మీరు మార్చాల్సింది ఆ తీగ ఒక్కటే.

తీగ బాగుంటే కాయిల్ నిరోధం కొలవండి. కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల వరకు ఉండాలి. పవరు ఒకటే అయినా 230 వోల్టుల మోటారుకు 120 వోల్టుల దానికన్నా మూడున్నర, నాలుగు రెట్లు ఎక్కువ చూపిస్తుంది. మీటరు అనంతం చూపిస్తే కాయిల్ గానీ థర్మల్ ఫ్యూజు గానీ తెగింది. కాయిల్‌కూ మోటారు ఇనుముకూ మధ్య మెగా ఓమ్‌లలో ఉండాలి. 1 మెగా ఓమ్‌కు దిగువన ఉంటే ఆ మోటారును మళ్లీ ప్లగ్‌లో పెట్టకండి.

కాయిల్ బాగుందంటే బరువు గానీ బెల్టు గానీ తీసేసి మోటారును ఖాళీగా అరగంట నడపండి. షేడెడ్ పోల్ మోటారు తీసుకునే కరెంటులో పెద్ద భాగం వేడిగానే పోతుంది కాబట్టి పైభాగం 70, 80 డిగ్రీల సెల్సియస్ ఉండటం జబ్బు కాదు. చెయ్యి పెట్టలేకపోతున్నామని మోటారు పారేయకండి. కానీ కాలిన వార్నిష్ వాసన వచ్చినా, ఖాళీగా నడుస్తూ కూడా కట్ అయిపోతున్నా కాయిల్‌లో చుట్లు కలిసిపోయి ఉంటాయి. ఖాళీగా హాయిగా తిరిగి, బరువు బిగించగానే ఈడిస్తే అరుగుదల మీద దృష్టి పెట్టండి.

అరుగుదల ఎక్కడ పడుతుంది

రిపేరా, కొత్తదా అన్నది తేల్చేది ఇదే. ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

వైబ్రేటరీ టంబ్లర్‌లో బరువు షాఫ్టుతో పాటే తిరుగుతుంది. అంటే షాఫ్టులో బరువున్న వైపే ఎప్పుడూ బుష్షును ఒత్తుతుంది. అందుకే బుష్షు లోపల చుట్టూ సమానంగా అరుగుతుంది, షాఫ్టు మాత్రం ఒకే వైపు అరుగుతుంది. అలా ఒక వైపు తగ్గిన షాఫ్టుకు కొత్త బుష్షు వేస్తే కొన్నాళ్లు నడిచి మళ్లీ అదే శబ్దం. రోటరీ టంబ్లర్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. బెల్టు ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగుతుంది, కాబట్టి షాఫ్టు చుట్టూ సమానంగా, బుష్షు బెల్టు వైపు మాత్రం అరుగుతుంది. అక్కడ బుష్షు మారిస్తే పని చాలావరకు అయిపోయినట్టే. బెల్టును మరీ బిగించి పెట్టడం వల్లే ఆ బుష్షు అంత త్వరగా పోయి ఉంటుంది.

కాబట్టి వైబ్రేటరీ మోటారు విప్పినప్పుడు మైక్రోమీటరుతో షాఫ్టును బుష్షు కూర్చునే చోట, అరగని చోట, రెండుచోట్లా కొలవండి. కొలత తీసే చోట షాఫ్టును కొంచెం కొంచెం తిప్పుతూ కనిష్ఠం పట్టుకోండి. తేడా 0.05 మి.మీ. దాటితే బుష్షు మార్చినా లాభం లేదు. రోటరు మీద ఒకచోట మెరిసే గీతలు కనబడితే అది స్టేటరుకు (చుట్టూ కదలకుండా ఉండే ఇనుముకు) తగులుతోందన్నమాట. ఆ రెంటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో చిన్న భాగమే, బుష్షులో వదులు పెరిగితే తగలక మానదు.

రిపేరు చేయదగినవి

నూనె వేయడంతో మొదలుపెట్టండి. షేడెడ్ పోల్ మోటార్ల బుష్షులు సాధారణంగా సన్న రంధ్రాలున్న కాంస్యం, నూనె వాటిలోనే ఇంకి ఉంటుంది. డిటర్జెంట్ కలపని ఎస్‌ఏఈ 20 మోటారు నూనె రెండు చివరలా మూడు నాలుగు చుక్కలు వేసి, షాఫ్టును చేత్తో తిప్పుతూ ఇంకనివ్వండి. తుప్పు వదిలించే పల్చటి స్ప్రేలు వాడకండి. అవి ఉన్న నూనెనూ కడిగేసి రెండు రోజుల్లో ఎండిపోతాయి. పెట్రోలులో, బ్రేక్ క్లీనర్‌లో బుష్షును నానబెట్టడమూ అదే నష్టం చేస్తుంది. పూర్తిగా ఎండిన బుష్షుకు చుక్కలు చాలవు. అలాంటప్పుడు బుష్షున్న బ్రాకెట్టు విప్పి, 70 డిగ్రీల దగ్గర ఉన్న నూనెలో ఒక గంట ఉంచి, ఆ నూనెలోనే చల్లారనివ్వండి. చల్లారేటప్పుడే నూనె రంధ్రాల్లోకి పీల్చుకుంటుంది. అందుకే వేడిగా ఉండగా బయటకు తీయకూడదు.

తిరిగి బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. షాఫ్టు మీద ఉండే ఫైబరు, నైలాన్ వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. వైబ్రేటరీ టంబ్లర్‌లో మోటారు నిలువుగా ఉంటుంది కాబట్టి రోటరు బరువంతా ఆ వాషర్ల మీదే. ఒకటి మరచిపోయినా రోటరు కిందికి దిగి రాసుకుంటుంది. రెండోది, బోల్టులు ఒకేసారి బిగించేయకండి. కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగిస్తూ, బ్రాకెట్టును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడుతూ ఉంటే బుష్షు సరిగ్గా కూర్చుని, షాఫ్టు వేలితో తిప్పితే చాలాసేపు తిరుగుతుంది. అలా తిరగకపోతే కరెంటు ఇవ్వకండి.

పెద్ద యంత్రాల్లో బాల్ బేరింగులుంటాయి. నంబరు బేరింగు మూత మీదే రాసి ఉంటుంది. 608 అంటే లోపలి వ్యాసం 8, బయటిది 22, వెడల్పు 7 మి.మీ. 6000 అయితే 10, 26, 8. 6201 అయితే 12, 32, 10. ఇనుప మూతల జడ్‌జడ్ రకం కాకుండా రబ్బరు సీళ్లున్న 2ఆర్‌ఎస్ రకం తీసుకోండి, పొట్టు దుమ్ము లోపలికి పోదు. మోటారు వేడెక్కుతుంది కాబట్టి సీ3 క్లియరెన్సు (లోపల ఖాళీ కాస్త ఎక్కువున్న రకం) మంచిది. పక్క బరువు తిరిగే యంత్రంలో బయటి రింగు తన గూట్లో వదులై మెల్లగా జారుతూ తిరగడం మామూలు. గూడు లోపల అద్దంలా మెరుస్తుంటే అదే గుర్తు. కొత్త బేరింగును రిటైనింగ్ కాంపౌండు (గూట్లో పట్టి ఉంచే జిగురు) రాసి బిగించండి. గూటి అంచున పంచ్‌తో గుంటలు కొట్టే అలవాటు కొందరికి ఉంది. కొన్ని వారాలకు ఆ గుంటలు అణిగిపోతాయి, బేరింగు మళ్లీ వదులవుతుంది.

థర్మల్ ఫ్యూజు కాయిల్ చుట్టిన టేపు కింద దాగి ఉంటుంది. ఫ్యూజు రెండు చివరల మధ్య కొలిస్తే అనంతం, కాయిల్ మాత్రం మామూలుగా ఉంటే మార్చాల్సింది అదొక్కటే. దాని మీద రాసిన ఉష్ణోగ్రత, ఆంపియర్లు అవే ఉన్న కొత్తది వేయండి. సోల్డరింగు వేడికి కొత్త ఫ్యూజే తెగిపోతుంది కాబట్టి క్రింప్ స్లీవుతో (నొక్కి బిగించే చిన్న గొట్టంతో) కలపడం మేలు. ఫ్యూజు తీసేసి నేరుగా కలిపేయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. టంబ్లర్ గంటల తరబడి ఎవరూ చూడకుండా నడిచే యంత్రం. ఫ్యూజు తెగడానికి వెనక ఒక కారణం ఉంటుంది: మూసుకుపోయిన గాలి రంధ్రాలు, పట్టేసిన బుష్షు, అతిగా నింపిన గిన్నె. దాన్ని సరిచేయకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది.

రీవైండింగు, అంటే కాయిల్ మళ్లీ చుట్టించడం గురించి ఒక మాట. ఒకే బాబిన్ మీద కాయిల్ ఉన్న సీ ఆకారపు మోటారుకు పాత చుట్లు లెక్కపెట్టి, అదే మందం రాగి తీగ చుట్టించవచ్చు. ఎపాక్సీలో ముంచిన వైండింగును తీయడమే కష్టం. కాయిల్ కాలేదాకా వచ్చిన మోటారులో బుష్షులు కూడా సాధారణంగా అయిపోయి ఉంటాయి. ఎక్కడా దొరకని పాత పెద్ద యంత్రానికి తప్ప మేము రీవైండింగు సూచించం.

కొత్త మోటారు: కంపెనీదా, సరిపోయేదా

తయారీదారు విడిభాగంగా మోటారు అమ్ముతుంటే ఎక్కువ ధర పెట్టి అయినా అదే తీసుకోండి. చాలాసార్లు బరువు కూడా బిగించే వస్తుంది, బోల్టు రంధ్రాలు కలుస్తాయి, వేగం సరిపోతుంది. వారంటీ ఉంటే విప్పక ముందే వాళ్లను అడగండి.

అది దొరకనప్పుడే బయటి మోటారు. చాలామంది వాట్లు చూసి కొంటారు. వాట్లకన్నా ముందు చూడాల్సింది వేగం. గిన్నెను ఊపే బలం బరువుతో, అది షాఫ్టు మధ్య నుంచి ఉన్న దూరంతో మామూలుగా పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గంలో పెరుగుతుంది. ఉదాహరణకు 100 గ్రాముల బరువు, దాని గురుత్వ కేంద్రం 15 మి.మీ. దూరంలో ఉంటే నిమిషానికి 3000 చుట్లలో పుట్టే బలం సుమారు 15 కిలోల ఒత్తిడి. అదే 2500 చుట్లకు పడితే పదిన్నర కిలోలే. 1500 చుట్ల మోటారు పెడితే నాలుగో వంతు మిగులుతుంది, పొట్టు కదలనే కదలదు.

ఫ్రీక్వెన్సీ దీనికి ముడిపడి ఉంది. 60 హెర్ట్‌జ్‌కు చేసిన మోటారును 50 హెర్ట్‌జ్‌లో నడిపితే వేగం ఆరింట అయిదు వంతులకు, ఊపే బలం 69 శాతానికి పడిపోతుంది. వోల్టేజి అలాగే ఉంటే కరెంటు పెరిగి కాయిల్ అతిగా కాగుతుంది. వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చదు. బయట దేశం నుంచి తెప్పించిన యంత్రాలు తొందరగా కాలిపోవడానికి ఇదో ముఖ్య కారణం. మోటారు ప్లేటు మీద మీ దగ్గరి వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ ఉండాలి.

ఇంకో ఉచ్చు ఫ్యాన్ మోటార్లు. ఎగ్జాస్టు ఫ్యాను, ఫ్రిజ్ లోపలి ఫ్యాను మోటార్లు కొలతల్లో టంబ్లర్ మోటారులాగే ఉంటాయి, చవకగానూ దొరుకుతాయి. కానీ చాలావాటి రేటింగు తమ రెక్కల గాలి తమ మీదుగా పోతుందన్న లెక్కతో ఇచ్చింది. ప్లేటు మీద ఎయిర్ ఓవర్ అని ఉంటే అర్థం అదే. గాలి ఆడని గిన్నె కింద పెడితే అదే మోటారు గంటలో కట్ అయిపోతుంది. తప్పక వాడాల్సి వస్తే రెండు వైపులా షాఫ్టున్నది చూసి, పైచివర చిన్న ఫ్యాను రెక్క బిగించి, అడుగు ప్లేటులో గాలి దారి వదలండి. ఎంత సేపైనా నడిచే రేటింగు, నిలువుగా బిగించడానికి అనుమతి, ఈ రెండూ లేని మోటారు వద్దు. మిక్సీ, కుట్టు మిషను మోటార్లు అసలే వద్దు. వాటి వేగం లోడును బట్టి మారిపోతుంది, బ్రష్షులు గంటల తరబడి తట్టుకోలేవు.

షాఫ్టు వ్యాసం కొలిచేటప్పుడు మిల్లీమీటరులో పదో వంతు కూడా వదలకండి. పావు అంగుళమంటే 6.35 మి.మీ., అయిదు బై పదహారు అంగుళమంటే 7.94. 8 మి.మీ.కు తొలిచిన బరువును 7.94 షాఫ్టుకు బిగిస్తే చేతికి బాగానే ఉన్నట్టు తోస్తుంది, కానీ ఆ 0.06 మి.మీ. ఖాళీ చాలు గ్రబ్ స్క్రూ వదులవడానికి. షాఫ్టు పొడవు, బోల్టు రంధ్రాల మధ్య దూరం కూడా కొలవండి. తిరిగే దిశ మారితే గిన్నెలో పొట్టు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది, పనికి నష్టం లేదు.

పరిశ్రమల్లో వాడే వైబ్రేటర్ మోటారు మూడో దారి. మూసిన ఒళ్లు, ఈ రకం లోడుకే చేసిన బేరింగులు, రెండు చివరలా సర్దుకునే బరువులు. వినడానికి అన్నీ లాభాలే. అయితే చిన్న గిన్నెకు దాని బలమూ బరువూ రెండూ ఎక్కువ. కనిష్ఠంలో పెట్టినా పలచటి ప్లేటు బోల్టు రంధ్రాల దగ్గర చీలుతుంది, స్ప్రింగులు కుంగిపోతాయి. సొంతంగా మందపాటి స్టీలు ప్లేటుతో పెద్ద గిన్నె కట్టుకునేవారికే ఇది తగినది.

రోటరీలో పని సులువు, మోటారు పక్కన విడిగా ఉంటుంది కదా. చూడాల్సింది డ్రమ్ము చివరికి ఎంత వేగంతో తిరుగుతుందన్నదే. మోటారు వేగాన్ని పుల్లీల నిష్పత్తితో, ఆ తర్వాత రోలరుకూ డ్రమ్ముకూ ఉన్న వ్యాసాల నిష్పత్తితో గుణించండి. డ్రమ్ము లోపలి వ్యాసం మీటర్లలో తీసుకుని దాని వర్గమూలంతో 42.3ను భాగిస్తే, లోపలివన్నీ గోడకు అతుక్కుపోయే వేగం వస్తుంది. 18 సెం.మీ. డ్రమ్ముకు అది నిమిషానికి సుమారు 100 చుట్లు. అందులో 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే పిన్నులు దొర్లుతూ పని చేస్తాయి. అంతకు మించితే కేసులు పైనుంచి పడి మూతి అంచులు నలుగుతాయి.

యంత్రమే మార్చాల్సినప్పుడు

మోటారు, స్ప్రింగులు, తీగ అన్నీ కలిపి కొత్త యంత్రం ధరలో సగం దాటితే ఆగి ఆలోచించండి. గిన్నె మధ్య కడ్డీ చుట్టూ పగుళ్లున్నా, మోటారు కూర్చునే ప్లేటు చీలినా కొత్త మోటారు పెట్టవద్దు. వదులైన ప్లేటు మీద అదీ తొందరగా పోతుంది. ప్లాస్టిక్ గేర్లు మోటారుతో కలిపి ఒకే పెట్టెలో ఉన్న రోటరీల్లో పళ్లు అరిగితే, ఆ పెట్టె విడిగా అమ్మకపోతే, అక్కడితో సరి.

కొత్తది కొనేవారు ఎక్కువ గంటలు నడిపేవారైతే బెల్టు రోటరీ వైపు మొగ్గమంటాం. వైబ్రేటరీ తన మోటారును తానే ఊపి అరగదీస్తుంది. రోటరీలో ముందుగా పోయేవి బెల్టు, రోలరు బుష్షులు, రెండూ చవకే. తడి పద్ధతిలో దుమ్మూ లేదు, కానీ కేసులు ఆరబెట్టే పని, సీసం కలిసిన మురికి నీళ్ల బాధ్యత మీద పడతాయి. అప్పుడప్పుడు కొద్ది కేసులే చేసేవారికి, ఆరబెట్టే ఓపిక లేనివారికి పొడి వైబ్రేటరీయే నయం.

బిగించాక

పాత బరువు తీసే ముందే షాఫ్టు చివర నుంచి అది ఎంత దూరంలో ఉందో గుర్తు పెట్టుకుని, కొత్త షాఫ్టు మీద కూడా బుష్షుకు అంతే దగ్గరగా బిగించండి. బయటికి జరిపిన కొద్దీ బుష్షు మీద భారం పెరుగుతుంది. రెండు బరువులుంటే వాటి మధ్య కోణం కూడా గుర్తించాలి. గ్రబ్ స్క్రూ కింద షాఫ్టును ఆకురాయితో కాస్త చదును చేసి, మధ్యరకం థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) రాయండి. తీగలు క్రింప్ కనెక్టర్లతో కలపండి, సోల్డరు ఆగిన చోటే తీగ ఊగి తెగుతుంది. గిన్నె ఊగేటప్పుడు తీగ లాగకుండా ఒక చుట్టు వదులు ఉంచి, మెత్తటి రబ్బరు తీగ వాడండి. ఎర్త్ తీగ మోటారు ఇనుముకూ అడుగు ప్లేటుకూ రెంటికీ తగలాలి. తడి టంబ్లర్‌ను లీకేజీ కరెంటుకు ట్రిప్పయ్యే స్విచ్ మీదే నడపండి.

మొదట ఖాళీ గిన్నెతో పావుగంట, తర్వాత సగం నింపి ఒక గంట నడపండి. క్లాంప్ మీటరుతో కరెంటు చూసి మోటారు ప్లేటు మీది అంకెతో పోల్చండి. దాన్ని మించితే గిన్నె బరువు తగ్గించండి, లేదా బుష్షు సరిగ్గా కూర్చుందో లేదో మళ్లీ చూడండి. ఆ గంట తర్వాత ప్లగ్ తీసి, చల్లారాక, మోటారు బోల్టులు, గ్రబ్ స్క్రూ, గిన్నె మధ్య నట్టు మరోసారి బిగించండి. కొత్త వాషర్లు, రబ్బరు దిమ్మలు మొదటి గంటలోనే అణిగి బోల్టులు వదులవుతాయి.